మూడోసారి వద్దన్న గొంతు

కూర్చో ముందు. గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి, ఒక కన్ను నా మీద, ఒక కన్ను ఫోన్ మీద పెట్టి వింటే ఇది ఎక్కదు. ఆ రికార్డింగేదో నొక్కి ఫోన్ పీట మీద పెట్టు. నా మొహం చూస్తూ విను. టైపు చేసేటప్పుడు నా మాటలు సరిచెయ్యకు. మీ హార్టికల్చర్ కాలేజీ పిల్లలు చదువుతారంటున్నావు కాబట్టి చెబుతున్నాను. నా కడుపున పుట్టిన మీ అమ్మకి కూడా ఇందులో సగమే తెలుసు.

ముప్పై ఏళ్లు మొక్కల్లోనే గడిపాను. మొదట నర్సరీలో సంచుల్లో మట్టి నింపాను, తర్వాత అంట్లు కట్టాను, చివరికి తోటలకి పెద్ద మాలినయ్యాను. నా చేత్తో కట్టిన మామిడంట్లు పొదిలి దాకా మెట్ట చేలల్లో కాస్తున్నాయి. “ఆమె చెయ్యి పడితే ఎండుకట్టె కూడా చిగురేసుద్ది” అనేవారు జనం. ఆ మాట నేనే నమ్మాను. నా కథ చెడింది అక్కడే.

తుళ్లూరు పక్కన, రాజధాని మాట ఇంకా పుట్టని రోజుల్లో, ఒకాయన ఫొటోల తోట పెట్టాడు. పెళ్లికి ముందు జంటలు వచ్చి ఫొటోలు దిగడానికి ఒక తోట. ఒకపక్క తామర కుంట, ఒకపక్క సిమెంటు ఏనుగులు, మధ్యలో గడ్డి. నన్ను పెద్ద మాలిగా పెట్టుకున్నాడు. నా కింద ఇద్దరు. ఒకామె ఆ ఊరి మనిషే, ఆ తోట ఉన్న నేల ఒకప్పుడు వాళ్ల మిరప చేనే. నన్ను అక్కా అనేది. రెండో మనిషి సాయిబు గారు. నేను భాయ్ అని పిలిచేదాన్ని. వయసులో నాకంటే పెద్ద. తోటకి రాకముందు ఊరూరా తిరిగి తుమ్మచెట్లు కొట్టి బొగ్గు కాల్చేవాడు. ఆయన గొడ్డలి ఆయనతోనే వచ్చింది. పని లేనప్పుడు కూడా దాన్ని ఆకురాయితో రాసుకుంటూ కూర్చునేవాడు.

ఒక రోజు లారీలో ఒక చెట్టు దిగింది. ఎక్కడో మంచు కొండల్లోంచి తెచ్చారట. వేళ్లకి గోనెపట్టా చుట్టి ఉంది. మనిషి ఎత్తు మాను, దాని తల మీద నుంచి సన్నటి కొమ్మలన్నీ నేల దాకా వేలాడుతున్నాయి. తలంటుకుని జుట్టు ముందుకు వేసుకుని ఆరబెట్టుకునే ఆడమనిషి ఉంటుంది చూడు, అచ్చం అట్లా.

“వీపింగ్ చెర్రీ” అన్నాడు ఓనరుగారు. “పూసిందంటే ఒళ్లంతా గులాబీ రంగే. జంటలు దాని కింద క్యూ కడతారు.”

“వీపింగంటే ఏందండీ?” అనడిగింది మిరపచేను ఆమె.

“ఏడవడం.”

“శుభమా అని పెళ్లి ఫొటోలు దిగేచోట ఏడుపు చెట్టేందండీ, మరీ విడ్డూరం కాకపోతే.”

ఆయన రెండు నిమిషాలు ఆలోచించి, బోర్డు మీద ‘గొడుగు చెర్రీ’ అని రాయించాడు.

నేను మానంతా తడిమి చూశాను. పైన, కొమ్మలు మొదలయ్యేచోట, పిడికిలంత ముడి తగిలింది. అంటు ముడి. అంటే అది ఒక చెట్టు కాదు, రెండు. కింద ఉన్నది కొండల్లో మొలిచే అడవి చెర్రీ, నిటారుగా పెరిగే జాతి. దాని తల కోసేసి, ఆ మెడ మీద ఈ వంగే కొమ్మని అతికించారు. కింది చెట్టు వేళ్లతో నీళ్లు తాగాలి, మానుతో మొయ్యాలి, పూసేది మాత్రం పైది. కింది నుంచి ఎప్పుడు పిలక లేచినా గిల్లెయ్యాలి, లేకపోతే అది పైదాన్ని మింగేస్తుంది. మీ పుస్తకాల్లోనూ ఇదే ఉంటుంది. అంటు కట్టే మనిషిని, ఎన్ని వేల మొక్కలకి మెడలు కోశానో లెక్కలేదు. ఆ ముడి మీద చెయ్యి పెట్టినప్పుడు మాత్రం, ఎందుకో, నోట్లో గుడ్డ కుక్కిన మనిషి బుగ్గ తడిమినట్టనిపించింది.

“మన ఎండల్లో బతుకుద్దా?” అనడిగాడు ఓనరుగారు.

తెలియదండీ అనాలి. ఆ ఒక్క మాట నాకు రాలేదు. “నాది పూచీ” అన్నాను. మీరు రేపు ఉద్యోగాల్లో చేరినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. తెలియనిదాన్ని తెలియదని చెబితే ఆ పూటకే సిగ్గు. పూచీ పడితే బతికినన్నాళ్లూ.

నల్లరేగడి నేల. వానకి బురద, ఎండకి చెయ్యి పట్టేంత బీటలు. దిబ్బలాగా ఎత్తు చేసి, ఎర్రమట్టి, ఇసుక కలిపి నాటాం. పైన పచ్చ వల కట్టాం. బతికింది. ఆకు వేసింది, ఆకు రాల్చింది. పువ్వు మాత్రం లేదు. కింది నుంచి పిలకలు వస్తూనే ఉన్నాయి. వారం వారం నేను గిల్లుతూనే ఉన్నాను. గిల్లినచోట బంక కారేది, ముదురు తేనె రంగులో. మిరపచేను ఆమె ఆ కొమ్మల కింద ఊడవనని మొండికేసింది. “వంగి ఊడుస్తుంటే ఎవరో వీపు మీద జుట్టు వేసినట్టుంటదక్కా” అనేది.

దానికి చలి కావాలని ఓనరుగారు ఎక్కడో చదివాడు. చలి ఎక్కడ దొరుకుతుంది మనకి? వాడరేవు నుంచి చేపలు తెచ్చే బండి ఆయన్ని మాట్లాడి, పొద్దున్నే చేపల ఐసు దింపించడం మొదలుపెట్టాడు. మొదలు చుట్టూ ఐసు గడ్డలు పేర్చి పైన గోనెసంచులు కప్పేవాళ్లం. తోటంతా నీచు వాసన. నవ్వకు, మేం కూడా మొదట్లో నవ్వాం. మూడో రోజు పనికి వచ్చేసరికి ఆ వేలాడే కొమ్మల లోపల పిల్లులు కూర్చుని ఉన్నాయి. పది పన్నెండు ఉంటాయి. నీచుకి వచ్చాయిలే అనుకున్నాం. కానీ ఒక్కటీ ఐసు నాకడం లేదు, ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం లేదు. మాను చుట్టూ గుండ్రంగా కూర్చుని, మొహాలన్నీ మాను వైపే పెట్టి, చెవులు నిక్కించి ఉన్నాయి. చేపల బండాయన ఒక పిత్తపరిగ విసిరాడు. ఒక్క పిల్లి కూడా తల తిప్పలేదు.

“ఇవి తినడానికి రాలేదు, వినడానికొచ్చినయ్” అన్నాడు భాయ్. ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి చేపల బండాయన ఐసు గేటు దగ్గరే దింపి పోయేవాడు.

రెండు చలికాలాలు అట్లా పోయాయి. ఓనరుగారు ఒక పొద్దున నన్ను పిలిచాడు. అప్పటికే చెట్టుకి ప్లాస్టిక్ పూలు కట్టించి ఫొటోలు తీయిస్తున్నాడు. “వచ్చే కార్తీకానికి పువ్వు కనపడాల. లేదా జేసీబీతో చెట్టు లేపేస్తా. పూచీ పడ్డావుగా, చెట్టుతో పాటు నువ్వు కూడా బయలుదేరు” అన్నాడు. ఆయన తప్పేం లేదులే. మాట ఇచ్చింది నేను. అప్పటికి మీ తాత పోయి ఏడాది. మీ అమ్మ నీళ్లోసుకుని ఉంది, నీతోనే. ఆ పని పోతే ఆ వయసులో నన్ను ఇంకో తోటలో ఎవరు పెట్టుకుంటారు?

అప్పుడే బెదిరింపు సంగతి గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు చింతచెట్టు కాయకపోతే మా నాన్న గొడ్డలి పట్టుకుని దాని ముందు నిలబడేవాడు. “కాయని చెట్టు నాకెందుకు, నరికేస్తా” అనేవాడు. మా అమ్మ అడ్డం పడేది. “వద్దు, వచ్చే ఏడు కాసుద్ది.” మూడుసార్లు ఆయన గొడ్డలెత్తాలి, మూడుసార్లు ఆమె వద్దనాలి. మూడోసారి ‘నాది పూచీ’ అనాలి. అప్పుడు గొడ్డలి దిగుతుంది. చెట్టు భయపడి కాస్తుంది. కాసేదో లేదో నాకిప్పుడు గుర్తులేదు కానీ, మా అమ్మ గొంతులో నిజంగా భయం ఉండేది.

భాయ్‌ని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

“నేను ఎన్ని చెట్లు కొట్టానో నా చెయ్యికి తెలుసు, చెట్లకీ తెలుసు. ఉత్తుత్తికి ఎత్తడం నాకు రాదమ్మా. ఎత్తితే నిజంగానే ఎత్తుతా. నువ్వు వద్దనకపోతే నా చెయ్యి ఆగదు. చూసుకో మరి.”

“అంటాలే భాయ్. అనకుండా ఎట్టా ఉంటా?”

ఫాల్గుణం చివర, ఒక మధ్యాహ్నం. ఓనరుగారు గుంటూరు వెళ్లాడు. మిరపచేను ఆమెని పంపు దగ్గర కూర్చోబెట్టాను, నవ్వుతుందని. గాలి లేదు. ఆ కొమ్మలు మాత్రం సన్నగా ఆడుతున్నాయి. తెరలాగా పక్కకి తీసి లోపలికి వెళ్లాం. భాయ్ అంటు ముడికి జానెడు కింద చూపు పెట్టి, గొడ్డలి ఎత్తాడు.

“ఏమ్మా, ఈ చెట్టు పూసుద్దా, పూయదా?”

“పూయట్లేదు భాయ్.”

“అయితే నరికేస్తా.”

“వద్దు భాయ్. ఈసారికి ఆగు.”

దించాడు, మళ్లీ ఎత్తాడు. “నిరుడూ ఇదే మాట. నరికేస్తా.”

“వద్దు. వచ్చే కార్తీకానికి పూసుద్ది.”

దించాడు, మూడోసారి ఎత్తాడు. “ఎవరిది పూచీ? నరికేస్తన్నా.”

ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకి చెప్పని సగం. ఆ క్షణంలో నాకొక ఆలోచన వచ్చింది. అప్పటికప్పుడు వచ్చిందంటే అబద్ధం. పొద్దుటి నుంచి లోపల తిరుగుతూనే ఉంది. ఈ చెట్టు కార్తీకానికి పూయదు. అది నాకు తెలుసు. ఇప్పుడు భాయ్ చేతిలో పడిపోతే, గొడ్డలి జారిందని చెప్పొచ్చు. చెట్టు పీడ వదులుతుంది. నా పూచీ వదులుతుంది. పోతే భాయ్ పని పోతుంది, నాది కాదు. ఆయనకి కొడుకు ఉన్నాడు కదా, చూసుకుంటాడు. అంత లెక్క నేను వేసుకున్నాను. నోరు మూసుకున్నాను. నాలుకని పళ్లకి అదిమి పట్టుకున్నాను, అది కూడా గుర్తుంది నాకు.

గొడ్డలి కిందికి వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

టక్‌మని చిన్న చప్పుడు. అంతే. కళ్లు తెరిస్తే మాను నిలబడే ఉంది. ముడికి కింద, గోరు గుచ్చినంత గాటు. భాయ్ గొడ్డలి దించి, నుదురు తుడుచుకుంటున్నాడు.

“సరే. నీ పూచీ మీద వదుల్తన్నా” అన్నాడు చెట్టుతో. నా వైపు తిరిగి, “ఇంకాస్త ముందు అనుండాల్సిందమ్మా. చెయ్యి సగం దిగాక అన్నావు” అన్నాడు.

నాకు ఏ గొంతూ వినపడలేదు. అయితే ఆయన ఎట్లా ఆగాడు? నా మీద జాలేసి అట్లా అంటున్నాడేమో అనుకుని, బయటికి వచ్చి పంపు దగ్గరికి నడిచాను. మిరపచేను ఆమె ఎదురొచ్చింది.

“ఏందక్కా ఆ మూడో కేక? మొదటి రెండూ ఏదో నాటకంలా ఉన్నయ్. మూడోదానికి నా ఒళ్లు జలదరించింది. గొంతు బొంగురుపోయిందా ఏంది?”

పంపు దగ్గర నుంచి చెట్టు ఎంత దూరమో తెలుసా? మన ఇంటి నుంచి వీధి చివర పాల కేంద్రం అంత. పైగా పంపు ఆడుతోంది.

ఆ రోజు నుంచి ఆ చెట్టు దగ్గరికి ఒంటరిగా వెళ్లాలంటే భయమేసేది. కానీ నీళ్లు పెట్టాలిగా. వెళ్లేదాన్ని. పని మనిషిని పని దగ్గరికి ఈడ్చేది ధైర్యం కాదమ్మా, అలవాటు. తొలకరికి ఆ గాటు లోంచి ఒక పిలక లేచింది. ఎర్రటి ముక్కు. నియమం ప్రకారం అదే పూట గిల్లెయ్యాలి. వేలూ బొటనవేలూ దగ్గరికి తెచ్చాను. గిల్లలేకపోయాను. తప్పు చేసినవాడు ఎదుటివాడి కళ్లల్లోకి చూడలేడు చూడు, అట్లా మొహం తిప్పుకుని వచ్చేశాను.

అది నిటారుగా లేచింది. వేలాడే కొమ్మల లోపల, తెర వెనక, కూర్చున్న మనిషి మెల్లగా లేచి నిలబడినట్టు. శ్రావణానికి నా తల దాటింది. భాద్రపదానికి పైనున్న గొడుగు ఎండటం మొదలైంది. చివర్ల నుంచి గోధుమ రంగు ఎక్కుతూ వచ్చింది. నీళ్లు పెంచాను, తగ్గించాను, వేపపిండి వేశాను. నాకు తెలుసు, అది తెగులు కాదు. కింది చెట్టు మొయ్యడం మానేసింది.

కార్తీకం రెండో వారం, పొద్దున్నే పనికి వచ్చి చూద్దును కదా, పూసి ఉంది. ఎండిపోయిన గొడుగు కాదు. లోపల నిలబడ్డ ఆ నిలువు కొమ్మ. ఆకు లేదు. మొదలు నుంచి కొస దాకా పాలలో కుంకుమ చుక్క కలిపినట్టున్న పూలు. అయిదు నెలల పిలక పూయకూడదు. మీ సార్లని అడుగు, పూయదనే చెబుతారు. నేనూ అదే చెబుతాను. కానీ పూసింది, నేను చూశాను. మేం బెదిరించింది పైచెట్టుని. పలికింది కిందిది.

ఓనరుగారు సంబరపడిపోయాడు. ఆ రోజు వచ్చిన జంటని నేరుగా అక్కడికే తీసుకొచ్చాడు. పెళ్లికూతురు కొమ్మల దాకా వచ్చి ఆగిపోయింది. “ముందు లోపలున్న ఆవిణ్ణి బయటకి రమ్మనండి ఆంటీ, ఆవిడ అయ్యాక మేం దిగుతాం” అంది నాతో. లోపల ఎవరూ లేరమ్మా అన్నాను. కొమ్మలు పక్కకి తీసి చూపించాను. ఆ అమ్మాయి చూసింది, పూలు చూసింది, వెళ్లి తామర కుంట దగ్గర ఫొటోలు దిగింది. ఓనరుగారు ఎంత చెప్పినా మళ్లీ ఇటు రాలేదు.

అప్పుడాయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. “నేను కొన్నది వంగే చెట్టు. ఇదేంది, జెండా కర్రలాగా? దీన్ని మొదలుకి కొట్టెయ్. గొడుగుకి ఇంకొన్ని ప్లాస్టిక్ పూలు కట్టు.”

చెప్పానుగా, నియమం ప్రకారం ఆయన మాటే సరి. ముడి కింద లేచినదాన్ని కొట్టెయ్యాలి. ముప్పై ఏళ్లు అదే చేశాను, నా కింద చేరినవాళ్లకి అదే నేర్పాను. రంపం తీసుకుని లోపలికి వెళ్లాను. భాయ్ కొమ్మల బయట నిలబడ్డాడు. రంపం ఆ నిలువు కొమ్మ మొదట్లో పెట్టాను. ఎవరూ వద్దనలేదు. ఆ నిశ్శబ్దం ఉంది చూడు, దానికే నేను భయపడ్డాను. ఒకసారి పూచీ పడ్డ గొంతు రెండోసారి బతిమాలదు. చూస్తూ ఊరుకుంటుంది, ఈమె ఏం చేస్తుందో అని.

రంపం పైకి జరిపాను. ముడి కింద పెట్టి కోశాను. ఎండిన గొడుగంతా ప్లాస్టిక్ పూలతో సహా నా భుజాల మీదుగా కింద పడింది. బయట వెలుతురు లోపలికి వచ్చింది. నిలువు కొమ్మ ఒక్కటే మిగిలింది, పూలతో.

ఓనరుగారు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. “రేపటి నుంచి రావద్దమ్మా” అన్నాడు. ముప్పై ఏళ్ల పని ఆ మూడు మాటలతో అయిపోయింది. బస్సులో కూర్చుని ఏడుద్దామనుకున్నాను, నిద్రొచ్చింది. చాలా రోజుల తర్వాత పట్టిన నిద్ర అది.

వేసవిలో జేసీబీ వచ్చి ఆ దిబ్బ లేపేసింది. ఆ సాయంత్రమే భాయ్ బండి మీద, గోనెసంచిలో వేరుముక్క ఒకటి పెట్టుకుని మన ఇంటికి వచ్చాడు. దానికి రెండు కళ్లు ఉన్నాయి, చిగురుకి సిద్ధంగా. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. పెరట్లో గుంట తీసి ఆయనే పెట్టాడు. మంచినీళ్లు తాగి, వెళ్లబోతూ అన్నాడు.

“ఆ రోజు నువ్వు నోరు తెరవలేదని నాకు తెలుసమ్మా. నీ మొహమే చూస్తన్నా.”

“మరి నేను వద్దన్నానని ఎందుకన్నావు భాయ్?”

“అనలేదు అంటే నువ్వు ఎందుకనలేదో ఇద్దరికీ తెలిసిపోద్దిగా. తర్వాత కలిసి ఎట్టా పనిచేస్తాం?”

“మరి ఎవరన్నారు?”

ఆయన మోకాలి ఎత్తున చెయ్యి పెట్టి చూపించాడు. “ఇక్కడి నుంచొచ్చింది. గొంతు మటుకు నీదే. కాస్త బొంగురుగా ఉంది, అంతే. ‘వద్దు, నాది పూచీ’ అంది. నీ గొంతు కాబట్టి ఆపాను. చెట్టుదైతే ఆపేవాణ్ణి కాదేమో.”

పోయినేడు ఆయన పోయినప్పుడు వెళ్లి చూసొచ్చాను. ఆ గొడ్డలి గోడకి ఆనించి ఉంది. నేను దాని వైపు చూడలేదు.

ఇక నువ్వు బట్టలు ఆరేసే ఆ తీగ కట్టిన చెట్టు ఏ చెట్టో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఏటా కార్తీకంలో నాలుగు పూలు పూస్తుంది, ఒక్కో ఏడు అవీ ఉండవు. పూసిన వారం రోజులూ నా గొంతు పూర్తిగా పోతుంది. చలిగాలి పడట్లేదని మీ అమ్మ మిరియాల కషాయం ఇస్తుంది. తాగుతాను. నా గొంతుతో ఒకరు పూచీ పడ్డారు, ఏడాదికో వారం వాడుకుంటున్నారు. న్యాయమే కదా.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ ఆదివారం రమ్మని మీ నాన్న రంపం మిషను వాణ్ణి పిలిచాడు. కారు షెడ్డుకి ఆ చెట్టు అడ్డమట. నేను చెబితే వినడు, ముసలిదాని చాదస్తం అంటాడు. కార్తీకం వచ్చేసింది, ఆదివారానికి నాకు గొంతు ఉంటుందో ఉండదో. నువ్వు వెళ్లి నిలబడు. మూడుసార్లు వద్దను. గట్టిగా అనక్కర్లేదు, నిజంగా అను చాలు. మొదటి రెండుసార్లు నీకు కష్టమేం ఉండదు. మూడోసారి ‘నాది పూచీ’ అనేముందు నీకు కూడా ఏదో ఒక లెక్క గుర్తొస్తుంది, పోతే పోయిందిలే అనిపిస్తుంది, నాలుక పళ్లకి అతుక్కుంటుంది. అట్లా అతుక్కుంటే కంగారుపడి ఉత్తుత్తి మాట అనకు. ఊరికే నిలబడు. కాసేపటికి కింద నుంచి, నీ మోకాలి దగ్గర నుంచి, నీ గొంతే నీకు —

“అమ్మా, ఇంకెంతసేపు? పులుసు చల్లారిపోతంది. దాన్ని కూడా లేపి తీసుకురా, అన్నం పెట్టేశా.”